స్నేహద్రవ్యం

సంస్కృతంలో స్నేహమనే మాటకు రెండర్థాలు. ఒకటి మనమందరమూ ఎరిగిన చెలిమి, రెండవది చమురు. ముప్పై నాలుగేళ్ళ పాటు బడిలో పిల్లలకు ఈ రెండర్థాలనూ నల్లబల్ల మీద రాసి, ప్రమిదనూ దీపాన్నీ ఉదాహరణగా చూపి, గంట కొట్టగానే చేతికంటిన సుద్ద దులుపుకొని బయటికి వచ్చేవాణ్ణి. ఆ శ్లేష నాకు నిజంగా బోధపడింది మాత్రం పదవీ విరమణ తరువాత. అదీ గ్రంథాలయంలో కాదు, విజయవాడ ఆటోనగరులో ఒక రేకుల షెడ్డు కింద, రెండు చేతులకూ నల్లటి మడ్డి అంటుకొని ఉండగా.

తెలుగు పండితుడికి ఇంజను ఆయిలుతో ఏమి పని అని మిత్రులకు సందేహం కలగవచ్చు. ఆ పని నేను కోరి తెచ్చుకున్నది కాదు, అన్నయ్య అప్పగించి వెళ్ళినది.

అన్నయ్య తెనాలిలో వైద్యుడు. 1978లో, నేను ఇంటర్మీడియెట్ చదువుతున్న రోజుల్లో, పాలమీగడ రంగు అంబాసిడర్ మార్క్ 3 కొన్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో అర్ధరాత్రి ఎవరికి నొప్పులు వచ్చినా, ఎవరిని పాము కరిచినా ఆ కారే కదిలేది. నాకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది కూడా ఆ కారులోనే. 2021 మే నెలలో అన్నయ్య వెళ్ళిపోయాడు. పిల్లలిద్దరూ విదేశాల్లో స్థిరపడ్డవారు. పాత ఇనుము కొనేవాడు వచ్చి గేటు దగ్గర నిలబడితే వదిన నాకు కబురు పెట్టింది. "అది మీ అన్నయ్య చెయ్యి పట్టుకొని నడిచిన బండి. నువ్వు తీసుకుంటావా, తూకానికి ఇచ్చెయ్యమంటావా?" అని అడిగింది. తీసుకున్నాను.

డాష్‌బోర్డు సొరుగులో ఎర్ర అట్ట వేసిన చిన్న పుస్తకం ఒకటి దొరికింది. అన్నయ్య చేతిరాత. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, మార్చినవి, పోసినవి వరుసగా రాసి ఉన్నాయి. మొదటి పుట చూడగానే కళ్ళు చెమర్చాయి. దానిని మడతపెట్టిన చేతిరుమాలులో చుట్టి దేవుడి మందిరంలో పెట్టాను. పుస్తకాన్ని పూజించాను గాని చదవలేదు. పండితులకు పరంపరగా ఉన్న జాడ్యమే ఇది.

మరుసటి ఏడు, 2022 మార్చిలో, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి వచ్చాడు. "పెదనాన్న బండి కదా నాన్నా, మంచి ఆయిలు పోద్దాం" అని అన్నింటికన్నా ఖరీదైన డబ్బాలు తెచ్చాడు. పూర్తి సింథటిక్, 5డబ్ల్యూ-30, అప్పటికి అన్నింటికన్నా కొత్త ప్రమాణం. పాతది వడగట్టి, ఫిల్టరు మార్చి, దగ్గర నిలబడి పోయించాము. ఇంజను మొదటి తిప్పులోనే మేలుకొంది. తండ్రీ కొడుకులమిద్దరమూ ఒకరి ముఖం ఒకరు చూసుకొని మురిసిపోయాము.

నెల తిరిగేసరికి కారు నిలిపిన చోట నేల మీద మచ్చలు కనిపించసాగాయి. క్లచ్చు గూడు అడుగున చిన్న రంధ్రం ఒకటుంటుంది. అక్కడి నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. పాత బండ్లన్నీ కారుతాయిలే అనుకున్నాను. ఇంజను పైభాగంలో టకటకమని చప్పుడు మొదలైంది. పాత బండ్లన్నీ మాట్లాడతాయిలే అనుకున్నాను.

మే నెలలో అన్నయ్య సంవత్సరీకానికి వదినను వెనుక సీటులో కూర్చోబెట్టుకొని అమరావతికి బయలుదేరాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. దారిలో రైలు గేటు వేసి ఉంది. ఇంజను ఆపకుండా నిలబడ్డాను. అప్పుడు డాష్‌బోర్డు మీద ఆయిలు దీపం మినుకు మినుకుమంది. గేటు తీశాక వేగం పెంచితే ఆరిపోయింది. వదిన వెనుక నుంచి మెల్లగా అంది. "ఏమయ్యా, ఆ ఎర్ర దీపం వెలిగితే మీ అన్నయ్య బండి పక్కకు తీసి ఆపేసేవారు." తిథి దాటుతుందని నేను ఆపలేదు. తిరుగు ప్రయాణంలో కూడా ఆపలేదు. అన్నయ్యకు తర్పణం విడవడానికి వెళుతూ అన్నయ్య మాట ఒక్కటి తప్పానన్న సంగతి ఇంటికి చేరాక గాని తట్టలేదు.

* * *

ఆటోనగరు సాయిబుగారికి డెబ్బై దాటాయి. అన్నయ్య కారును ముప్పై ఏళ్ళు చూసినవాడు. ఆయన బానెట్టు ఎత్తగానే ఏ పనిముట్టూ తీసుకోలేదు. డిప్‌స్టిక్కు లాగి, దాని కొసన ఉన్న చమురును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసి, వేళ్ళు మెల్లగా విడదీశాడు. తీగ సాగలేదు.

"మాస్టారూ, మంచి నూనే పోశారు. ఈ బండికి కాదు."

నేను డబ్బా ఖరీదు చెప్పాను. ఆయన నవ్వలేదు. "డాక్టరుగారి ఎర్ర పుస్తకం ఉండాలే, అందులో చూడలేదా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను.

ఆయన ఆ రోజు చెప్పినదీ, తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో పాత అంబాసిడరో, పద్మినియో ఉన్న మిత్రులకు పనికివస్తుంది.

అంబాసిడరు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారుకు మన దేశపు రూపం. 1489 సీసీ పెట్రోలు ఇంజను, 1950ల నాటి నిర్మాణం. ఆనాటి యంత్రాలలో తిరిగే భాగానికీ నిలిచిన భాగానికీ మధ్య వదిలిన సందు నేటి ఇంజన్లలో కన్నా ఎక్కువ. అదైనా తలవెంట్రుక మందానికి మించదు. నలభై ఏళ్ళు తిరిగి అరిగాక మరికొంత పెరుగుతుంది. ఆ సందులో లోహం లోహాన్ని తాకకుండా నిలిపేది చమురు పొర ఒక్కటే. చమురు మరీ పల్చనైతే సందులోనుంచి జారిపోతుంది, ఒత్తిడి నిలవదు. వేడెక్కిన ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు, అంటే రైలు గేటు దగ్గర, దీపం వెలగడానికి కారణమదే. పైగా ఈ ఇంజనుకు వెనుక వైపు నేటి కార్లలో ఉండే రబ్బరు సీలు లేదు. ఇరుసు మీద మరలాగా కోసిన గాడి ఒకటి తిరుగుతూ చమురును వెనక్కు నెడుతుంది, అంతే. చిక్కని చమురును ఆ గాడి మళ్ళించగలదు. పల్చనిది దాని మాట వినదు.

"పాత ఇంటి తలుపు మాస్టారూ, సందులుంటాయి. పిండి జల్లించే బట్ట కడితే గాలి ఆగుతుందా? గోనెపట్టా కట్టాలి" అన్నాడు సాయిబుగారు. నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

డబ్బా మీది అంకెల సంగతి కూడా చెప్పుకోవాలి. 20డబ్ల్యూ-50 అన్నచోట డబ్ల్యూ అంటే బరువు కాదు, ఇంగ్లీషులో చలికాలానికి తొలి అక్షరం. దానికి ముందున్న అంకె చలిలో చమురు ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూ చమురుకు ఆ పరీక్ష మైనస్ 30 డిగ్రీల దగ్గర జరుగుతుంది, 20డబ్ల్యూకు మైనస్ 15 డిగ్రీల దగ్గర. లంబసింగిలో మంచు పేరుకున్న తెల్లవారుజామున కూడా మనకు ఆ అవసరం రాదు. తెనాలిలో 5డబ్ల్యూ కొనడమంటే రోహిణీ కార్తెలో కంబళి కొనడమే.

వెనుక అంకె ఇంజను వేడెక్కాక ఉండే చిక్కదనం. 100 డిగ్రీల వద్ద 30వ తరగతి చమురు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉండాలి. 50వ తరగతికి అది 16.3 నుంచి 21.9 లోపు. అంటే మా అబ్బాయి తెచ్చినది వేడిలో అన్నయ్య పోసినదానికి సుమారు ఐదింట మూడు వంతుల చిక్కదనం మాత్రమే కలది. రెంటచింతల ఎండలను ఎరిగినవారికి ఈ తేడా వివరించనక్కరలేదు.

చిక్కదనంతోనే కథ ముగియదు. నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించిన సంగతి చమురులో కలిపే ఒక మందుది. ఈ పాత ఇంజన్లలో కామ్‌షాఫ్టు మీద కోడిగుడ్డు ఆకారపు ఉబ్బులు ఎనిమిది, వాటి మీద కూర్చున్న టాపెట్లు ఎనిమిది ఉంటాయి. ఉబ్బు తిరుగుతూ టాపెట్టును ఎత్తుతుంది, అది కడ్డీని నెడుతుంది, కడ్డీ వాల్వును తెరుస్తుంది. నేటి ఇంజన్లు చాలావాటిలో ఈ చోట దొర్లే చక్రాలుంటాయి. పాతవాటిలో లోహం లోహం మీద రాచుకుంటూ జారుతుంది. అంత ఒత్తిడిలో చమురు పొర ఒక్కటే చాలదు. అందుకని 1940ల నుంచి ఇంజను నూనెలలో జింకు, గంధకం, భాస్వరం కలిసిన ఒక ద్రవ్యం కలుపుతున్నారు. దాని పూర్తి పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. రూపకసమాసాలు విడదీసిన నాకే నోరు తిరగలేదు. అందరూ జెడ్‌డీడీపీ అంటారు. అది రాపిడికీ వేడికీ విరిగి, లోహం మీద పలుచని గాజులాంటి పొరగా ఏర్పడుతుంది. ఆ పొర తాను అరిగి లోహాన్ని కాపాడుతుంది, అరిగినచోట మళ్ళీ పుడుతుంది.

మరి అంతటి మేలు చేసేదానిని తగ్గించడమెందుకు? దానిలోని భాస్వరం కొంత కొంతగా పొగగొట్టంలోకి పోయి, పొగను శుద్ధిచేసే కెటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది. మన నాలుగు మహానగరాలలో 1995 నుంచి కొత్త పెట్రోలు కార్లకు ఆ పరికరం తప్పనిసరి అయింది. దానిని కాపాడడానికి అమెరికా వారి ఏపీఐ ప్రమాణాలలో 2004 నాటి ఎస్‌ఎమ్, 2010 నాటి ఎస్‌ఎన్, 2020 నాటి ఎస్‌పీ అన్నీ పల్చని తరగతుల చమురులో భాస్వరాన్ని 0.08 శాతానికి మించనివ్వవు. గాలి బాగుండాలంటే ఆ నియమం ఉండవలసిందే. కొత్త ప్రమాణం పాతవాటి అవసరాలన్నీ తీరుస్తుందని ఆ ప్రమాణకర్తల అభిప్రాయం. పాత కార్ల యజమానులు, మేస్త్రీలు మాత్రం జారుడు టాపెట్ల విషయంలో అంత ధీమాగా ఉండరు. ఒక ఊరట ఏమంటే, ఈ పరిమితి 20డబ్ల్యూ-50 వంటి చిక్కని తరగతులకు వర్తించదు. కనుక చిక్కదనం సరిగా ఎంచుకుంటే సగం చిక్కు తీరినట్టే. మిగతా సగానికి తయారీదారు వివరపత్రంలో భాస్వరం ఎంతో చూసుకోవాలి. 0.10 నుంచి 0.12 శాతం మధ్య ఉంటే నేను తృప్తి పడతాను.

అలాగని విడిగా అమ్మే జింకు సీసాలు తెచ్చి ఒంపకండి. మోతాదు మించితే అదే ద్రవ్యం లోహానికి చేటు చేస్తుంది.

* * *

ఇంజను విప్పారు. ఎనిమిది టాపెట్లలో రెండింటి ముఖం స్ఫోటకం మచ్చల్లాగా గుంటలు పడింది. వాటి కింది ఉబ్బులు అరిగి గుండ్రబడ్డాయి. "ఈ నూనె వల్లనేనా?" అని అడిగాను. సాయిబుగారు చాలాసేపు ఆ ముక్కలను వెలుతురులో తిప్పి చూశాడు. "నలభై నాలుగేళ్ళ బండి మాస్టారూ. రెండు నెలల్లో ఇంత అరగదు. ఎప్పుడో మొదలై ఉంటుంది. కానీ దీపం వెలిగాక తిప్పకుండా ఉండాల్సింది" అన్నాడు. నన్ను నిర్దోషిని చేయలేదు, దోషినీ చేయలేదు. ముద్దాయినైన నాకు ఆ తీర్పు సబబుగానే తోచింది.

వేరే కామ్‌షాఫ్టు సానపట్టించి, కొత్త టాపెట్లు వేశారు. బిగించే ముందు సాయిబుగారు ప్రతి ఉబ్బుకూ నల్లటి ముద్ద ఒకటి వేలితో పట్టించాడు. పసిబిడ్డకు తలంటు ముందు నూనె పట్టించినట్టే ఉంది. మొదటిసారి స్టార్టు చేశాక ఇరవై నిమిషాలు ఇంజనును నెమ్మదించనీయలేదు. 2000 చుట్ల వేగంలో పట్టి ఉంచాడు. కొత్త ఉబ్బు, కొత్త టాపెట్టు ఒకదానికొకటి అలవాటు పడేది ఆ ఇరవై నిమిషాలలోనే, అప్పుడు నెమ్మదిగా తిప్పితే అవి చమురు చాలక కొరుక్కుంటాయి అన్నాడు. కొత్త కాపురం సంగతి కూడా అంతేనని పక్కనున్న కుర్రవాడు అంటే, ఆ రోజు మొదటిసారి అందరం నవ్వాము.

ఆ ఇరవై నిమిషాలూ నేను షెడ్డు మూల పీట మీద కూర్చొని మా నాన్నగారి బండిని తలచుకున్నాను. ఊరిలో మాకు రెండెడ్ల బండి ఉండేది. దానికి కందెన నాన్నగారే తయారుచేసేవారు. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదంలో మెదిపి, వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవారు. సీల ఊడదీసి, చక్రం కొంచెం పక్కకు లాగి, ఇరుసుకు పట్టించేవారు. మసి ఎంత, ఆముదం ఎంత అని కొలత లేదు. వేసవికి ముద్దగా, చలికాలానికి కొంచెం జారుగా కలిపేవారు. తరగతుల అంకెలు తెలియకుండానే ఆయన ఋతువుకు తగిన చిక్కదనం ఎంచుకున్నారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత మనకు ఊరకే పుట్టలేదు. ఆముదం మోటుదని తీసిపారేయకండి. మొదటి ప్రపంచయుద్ధపు విమానాల ఇంజన్లలో తిరిగినది ఆముదమే. క్యాస్ట్రాల్ అన్న పేరు ఆముదానికి ఇంగ్లీషు వారు పెట్టుకున్న పేరులోనుంచి పుట్టినదే.

మాట వచ్చింది గనుక చెబుతాను. నూనె అంటే నువ్వుల నెయ్యి. తైలం అంటే తిలల నుంచి వచ్చినది. ఆ లెక్కన ఇంజనులో పోసేది నూనే కాదు, తైలమూ కాదు. స్నేహమనే మాట ఒక్కటే దేనికైనా సరిపోతుంది. నేను తప్పిందీ అక్కడే. స్నేహం ఉన్నది కదా అని శ్రేష్ఠమైనది తెచ్చి పోశాను, తగినది ఏదో అడగలేదు. కావ్యానికి ప్రాణం ఔచిత్యమని క్షేమేంద్రుడు ఒక గ్రంథమే రాశాడు. దానిని పరీక్ష కోసం చదివి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. క్షేత్రమెరిగి విత్తనం, పాత్రమెరిగి దానం అని పిల్లల చేత వందసార్లు రాయించినవాణ్ణి.

ఇది రెండు వైపులా పదునున్న మాట. మా అబ్బాయి కొత్త కారులో 20డబ్ల్యూ-50 పోస్తే అదీ అపచారమే. దాని సన్నని దారులలో చిక్కని చమురు సకాలంలో చేరదు. ఎవరి కారు పుస్తకం వారు చదువుకోవాలి. పద్మిని వంటి తోటి వృద్ధులకు మాత్రం నేను చెప్పిన విచారణే వర్తిస్తుంది.

కొన్ని చిన్న సంగతులు. చమురు నల్లబడితే చెడిందని కంగారు పడనక్కరలేదు, మసిని తనలోకి తీసుకుంటున్నదని అర్థం. మజ్జిగలాగా తెల్లబడితే మాత్రం నీరు కలిసిందని, బండి కదపకూడదు. పెట్రోలు వాసన వేసినా అంతే. కారు తిరిగినా తిరగకపోయినా ఏడాదికొకసారి మార్చాలి, నిలిచిన చమురులో తేమా ఆమ్లాలూ చేరతాయి. సీలు ఉన్న డబ్బానే కొని, ఖాళీ అయ్యాక దానికి చిల్లు పొడవండి. లేకపోతే అదే డబ్బా కల్తీ సరుకుతో మళ్ళీ అంగడికి చేరవచ్చు. తీసిన పాత చమురును కాలువలో పోయకండి, శుద్ధి చేసేవారికి పంపే మెకానిక్కుకు ఇవ్వండి.

ఆ రోజు ఇంటికి వచ్చి కాళ్ళు చేతులు కడుక్కొని, మందిరంలోని ఎర్ర పుస్తకం తీసి మొదటి నుంచి చివరి దాకా చదివాను. నలభై రెండేళ్ళ రాత. ప్రతి రెండు మూడు పుటలకూ అదే అంకె, 20-50. ఒక పుటలో అంచున, బహుశా ఏ అమ్మకందారు మాటకో విసిగి, "పల్చనిది వద్దు. దీపం" అని రాసుకున్నాడు. చివరి పద్దు 2020 డిసెంబరుది, అక్షరాలు వణికాయి. దాని కింద నేను రెండు పద్దులు రాశాను. 2022 మార్చి, 5డబ్ల్యూ-30, నేను పోయించినది, తప్పు. 2022 జూన్, 20డబ్ల్యూ-50, కామ్‌షాఫ్టు మార్చాము. మొదటిది రాయకుండా వదిలేద్దామని ఒక క్షణం అనిపించింది. వైద్యుడి పుస్తకంలో రోగచరిత్ర దాచకూడదని రాశాను. తరువాత పుస్తకాన్ని మందిరంలో పెట్టలేదు, దాని చోటైన డాష్‌బోర్డు సొరుగులోనే పెట్టాను.

ఆ మరుసటి ఏటి సంవత్సరీకానికీ వదినా నేనూ అదే కారులో, అదే దారిన వెళ్ళాము. రైలు గేటు వేసే ఉంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతోంది. ఇద్దరమూ మాట్లాడకుండా డాష్‌బోర్డు వంకే చూస్తూ కూర్చున్నాము. గూడ్సు బండి వెళ్ళేదాకా దీపం వెలగలేదు.